సుగంధిపాల, మారేడు కొమ్ములు, వట్టివేరు: చలవకు ఏ వేరు కొనాలి?

ఎండలు ముదరగానే మూలికల దుకాణానికి వెళ్లి "నన్నారి వేళ్లు ఇవ్వండి" అని అడిగి చూడండి. ఒక కొట్లో పెన్సిల్ కంటే సన్నగా, నల్లగా ఉన్న వేళ్లు పొట్లం కడతారు. పక్క కొట్లో బొటనవేలంత లావున్న ముక్కలు తూచి ఇస్తారు. ఇంకోచోట "నన్నారి లేదండీ, వట్టివేళ్లు పట్టుకెళ్లండి, అదీ చలవే" అంటారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. మూడూ మంచి వాసన ఉన్న వేళ్లే, మూడూ ఒంటికి చలవ చేస్తాయని పేరున్నవే. కాకపోతే మూడు వేర్వేరు మొక్కలవి (సన్నవి సుగంధిపాల, లావువి మారేడు కొమ్ములు, మూడోది వట్టివేరు), ఒకటి చేసే పని ఇంకోటి చేయదు.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందుగా వాడుకోవాలంటే సన్నని సుగంధిపాల వేరు కొనండి. కుండలో నీళ్లకు, ఒంటికి రాసుకోవడానికి, కడుపు బరువుగా ఉండేవాళ్లకు వట్టివేరు. మారేడు కొమ్ములు ఊరగాయకు, షర్బత్‌కు బాగుంటాయి, అదీ ఎక్కడివో తెలుసుకుని కొంటేనే. సీసాల్లో వచ్చే నన్నారి షర్బత్‌ను మందుల లెక్కలోంచి తీసేయండి, పానీయాల లెక్కలో ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, వాసన ఒక్కటే చూసి కొనకండి. సుగంధిపాల, మారేడు కొమ్ముల వాసన దాదాపు ఒకటే.

సుగంధిపాల: మందు కోసం కొనాల్సింది ఇదే

పొలం గట్ల మీద, కంచెల్లో, డొంకల్లో పొదలను అల్లుకుని పెరిగే సన్నని తీగ ఇది. తుంచితే పాలు కారతాయి. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ముదురాకుపచ్చ మీద నడి ఈనె వెంట తెల్లటి చారలు కనిపిస్తాయి. ఒకే తీగకు కొన్ని ఆకులు బద్దల్లా సన్నగా, కొన్ని కోలగా ఉంటాయి కాబట్టి కొత్తగా చూసేవాళ్లు ఇవి రెండు మొక్కలేమో అనుకుంటారు. శాస్త్రనామం హెమిడెస్మస్ ఇండికస్. ఆయుర్వేదంలో సారిబ అన్నా, అనంతమూలం అన్నా, శ్వేత సారిబ అన్నా ఇదే. మందుకు పనికొచ్చేది వేరు.

రుచికి తీపి, చివర్లో కాస్త చేదు. గురువు (బరువైనది), స్నిగ్ధం (జిడ్డు గలది), శీతవీర్యం (చలవ చేసేది), మధుర విపాకం (అరిగాక తీపి) అని దీని గుణాలు చెబుతారు. అంటే చలవ చేస్తూనే ఒంట్లో జిడ్డు, పుష్టి నిలుపుతుందని. ఈ 'స్నిగ్ధం' అన్న మాట గుర్తుంచుకోండి. వట్టివేరుతో పోల్చేటప్పుడు తేడా అంతా అక్కడే ఉంది.

చరక సంహిత సూత్రస్థానంలో మందులను పదేసి చొప్పున యాభై వర్గాలుగా పెట్టారు. సారిబ అందులో చాలా చోట్ల కనిపిస్తుంది: జ్వరం తగ్గించేవాటిలో, ఒంటి మంట చల్లార్చే దాహప్రశమనాల్లో, ఒంటి రంగు బాగుచేసే వర్ణ్యాల్లో, తల్లిపాలను శుద్ధి చేసేవాటిలో. సుశ్రుతుడైతే ఒక గణానికి, అంటే మందుల గుంపుకు, దీని పేరే పెట్టాడు. దప్పిక, రక్తపిత్తం, పిత్తజ్వరం, ఒళ్లు మంటలకు ఆ సారిబాది గణాన్ని చెప్పాడు. ముక్కు నుంచో మరో దారినో వేడి వల్ల రక్తం పడటాన్ని రక్తపిత్తం అంటారు.

ఆచరణలో వైద్యులు దీన్ని ఎక్కువగా వాడేది మూడు చోట్ల: వేడి చేసి మూత్రంలో మంట పుట్టినప్పుడు, దురద, దద్దుర్లు, సెగగడ్డల్లాంటి చర్మ బాధల్లో, చాలాకాలంగా ఒళ్లు కాలుతున్నట్టుండే పిత్త శరీరాల్లో. 'రక్తశుద్ధి' అని మన పెద్దలు అనేది ఈ చర్మ బాధల సంగతే. రక్తంలో ఏదో మురికి ఉందని, దాన్ని ఈ వేరు కడిగేస్తుందని అక్షరాలా అర్థం చేసుకోనక్కర్లేదు.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి? మందం మొదటి గుర్తు. ఆయుర్వేద మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథమైన ఆయుర్వేద ఫార్మకోపియా దీని వేరును సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 3 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కలుగా వర్ణిస్తుంది. అంటే చిటికెనవేలు దాటకూడదు. వేరు గట్టిగా, కాస్త వంకర్లు తిరిగి ఉంటుంది. పైన బెరడు ముదురు గోధుమ రంగులో, అడ్డంగా పగుళ్లిచ్చి ఉంటుంది. ఒక వేరు తీసుకుని రెండు చేతులతో వంచండి. ఎండిన మంచి వేరైతే బెరడు ఆ పగుళ్ల దగ్గర టక్కున విరిగి పెచ్చులా లేస్తుంది, లోపల లేత పసుపు రంగు కర్ర బయటపడుతుంది. ఇప్పుడు ఆ పెచ్చును గోటితో గీకి వాసన చూడండి, తర్వాత లోపలి కర్రను వాసన చూడండి. వాసన దాదాపు అంతా బెరడులోనే ఉంటుంది. పొట్లంలో బెరడు రాలిపోయిన ఉత్త కర్రలే ఎక్కువగా ఉంటే తూకం వస్తుంది కానీ మందు రాదు. సంచి అడుగున మిగిలిన సరుకు ఇలాగే ఉంటుంది, అందుకే పైన చూసి ఒప్పుకోకుండా గుప్పెడు కిందినుంచి తీయించి చూడండి.

చూర్ణం కొనడం నాకు అంత ఇష్టం ఉండదు. వేరైతే మందం, బెరడు, పగుళ్లు కంటికి కనిపిస్తాయి. పొడి అయ్యాక సుగంధిపాలకు, మారేడు కొమ్ములకు తేడా ముక్కు పట్టుకోలేదు, కన్ను అసలే పట్టుకోలేదు. వేరే దారి లేక పొడే కొనాల్సి వస్తే డబ్బా మీద మొక్క శాస్త్రనామం, వాడిన భాగం, తయారీ లైసెన్సు నంబరు, తయారైన తేదీ ఉన్నాయో లేదో చూడండి. 'నన్నారి పొడి' అని మాత్రమే రాసి ఉంటే అది ఏ మొక్కదో చెప్పనట్టే లెక్క.

పేరు విషయంలో ఇంకో చిక్కుంది. గ్రంథాల్లో రెండు సారిబలు ఉంటాయి, తెల్లది, నల్లది. కృష్ణ సారిబ అని చెప్పే మొక్క విషయంలో వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కొందరు నల్లతీగను, కొందరు క్రిప్టోలెపిస్ జాతి మొక్కను వాడతారు. వాటికి ఈ సువాసన ఉండదు. వైద్యుడు ప్రత్యేకంగా రాసిస్తే తప్ప వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

మారేడు కొమ్ములు: వాసన అదే, మొక్క వేరు

వీటిని మారేడు గడ్డలనీ, నన్నారి కొమ్ములనీ, బర్రె సుగంధి అనీ ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా పిలుస్తారు. పేరులో మారేడు ఉన్నా శివపూజకు వాడే మారేడు చెట్టుతో దీనికి ఏ సంబంధమూ లేదు. డెకాలెపిస్ హామిల్టోనై అనే ఈ తీగ దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. నల్లమల, శేషాచలం లాంటి తూర్పు కనుమల కొండల్లో రాళ్ల సందున వేళ్లూనుకుంటుంది. చెంచులు, యానాదులు తరతరాలుగా తవ్వి తెచ్చి అమ్ముతున్న అటవీ ఉత్పత్తుల్లో ఇదొకటి.

సుగంధిపాలతో దీన్ని జనం కలిపేయడానికి కారణం వాసన. రెండింటికీ ఆ కమ్మని వాసన ఇచ్చేది ఒకటే పదార్థం: 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. వనిల్లాకు వాసనిచ్చే వనిలిన్‌లో ఉన్న పరమాణువులే దీనిలోనూ ఉంటాయి, అమరిక మాత్రమే వేరు. నన్నారి తాగినప్పుడు ఐస్‌క్రీమ్ గుర్తొస్తే అందుకే. మారేడు కొమ్ముల నుంచి తీసిన తైలంలో ఎక్కువ భాగం ఈ పదార్థమే. పైగా వేరు లావుగా, కండగా ఉంటుంది కాబట్టి కిలో వేళ్ల నుంచి వచ్చే వాసన, సారం రెండూ ఎక్కువే. షర్బత్ చేసేవాళ్లు దీనివైపు మొగ్గడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అలాగని ఒకదాని బదులు ఇంకోటి మందుగా వాడొచ్చా? దక్షిణాదిలో చాలా ఫార్మసీలు, వైద్యులు దీన్ని సారిబకు ప్రత్యామ్నాయంగా వాడుతూనే ఉన్నారు. అది వాళ్ల అనుభవం, వాళ్ల బాధ్యత. కానీ చరకుడు, సుశ్రుతుడు చెప్పిన గుణాలు సన్నని సారిబ వేరువి. వాసన పదార్థం ఒకటైనంత మాత్రాన తక్కిన పదార్థాలన్నీ ఒకటి కావు. ఆకలి పుట్టడానికి చిన్న ముక్క నమలడం, షర్బత్ తాగడం వరకు మారేడు కొమ్ములు బాగానే ఉంటాయి. చర్మ బాధకో మూత్రంలో మంటకో పథ్యం చేస్తూ వారాల తరబడి తీసుకోవాలంటే మాత్రం సుగంధిపాలే తెచ్చుకోండి.

ఊరగాయ విషయానికొస్తే దీనికి సాటి లేదు. పచ్చి కొమ్ములను నానబెట్టి, మట్టి పోయేదాకా రుద్ది కడిగి, పైతోలు చెక్కేసి, నిలువునా చీల్చి లోపలి గట్టి కర్రను తీసి పారేస్తారు. మిగిలిన కండను చిన్న ముక్కలు చేసి ఉప్పు, నిమ్మరసం, కారంలోనో, పులిసిన పెరుగులోనో ఊరేస్తారు. కన్నడిగులు, తమిళులు ఈ ఊరగాయను మనకంటే ఇష్టంగా చేసుకుంటారు. మొదటిసారి తినేవాళ్లలో కొందరికి ఆ ఘాటైన వాసన అసలు నచ్చదు, కొందరు ఇక వదలరు. మధ్యస్థంగా ఉండేవాళ్లు తక్కువ. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఈ వేరు పొడి నిల్వ ధాన్యానికి పురుగు పట్టకుండా కాపాడుతుందని కూడా చూపించారు. పురుగుకు పడనంత ఘాటు ఉందన్నమాట.

కొనేముందు ఒక సంగతి ఆలోచించాలి. ఈ మొక్క అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతి. గడ్డను మొత్తం పెకలిస్తే తీగ చచ్చిపోతుంది. తెలిసినవాళ్లు కొన్ని కొమ్ములే కోసుకుని, తల్లివేరు మీద మళ్లీ మట్టి కప్పి వస్తారు. బేరగాళ్ల ఒత్తిడి పెరిగిన చోట అంత ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఎక్కడ తవ్వారో చెప్పలేని సరుకు కంటే సాగు చేసినవో, గిరిజన సహకార సంస్థ లాంటి చోట్ల దొరికేవో నయం. సుగంధిపాల దొరుకుతున్నప్పుడు మందు పేరుతో మారేడు కొమ్ములు కొనకపోవడానికి నాకు ఇదొక అదనపు కారణం.

వట్టివేరు: తేలికపాటి చలవ

ఇది తీగ కాదు, గడ్డి. క్రైసోపోగాన్ జిజానియాయిడిస్. పైన చూస్తే బోదగడ్డిలా సాదాగా ఉంటుంది, అసలు సొత్తంతా భూమిలో ఉంటుంది. వేళ్లు పక్కలకు పాకకుండా నిలువునా లోతుకు దిగుతాయి, అందుకే గట్లు కోసుకుపోకుండా దీన్ని నాటుతారు. ఆయుర్వేదంలో ఉశీరం. హిందీవాళ్లు ఖస్ అంటారు.

చరకుడి దాహప్రశమన వర్గంలో సారిబ పక్కనే ఉశీరం ఉంది. వర్ణ్యాల్లోనూ రెండూ ఉన్నాయి. సుశ్రుతుడి సారిబాది గణంలోనూ రెండూ ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గర. సారిబ గురువు, స్నిగ్ధం. ఉశీరం లఘువు (తేలికైనది), రూక్షం (జిడ్డు లేనిది). సారిబ తీపి ముందు, చేదు తర్వాత. ఉశీరం చేదు ముందు, తీపి తర్వాత. భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం ఉశీరాన్ని పాచనం అని, స్తంభనం అని కూడా అంటుంది. అంటే అరుగుదలకు సాయం చేస్తుంది, కారిపోయేదాన్ని ఆపుతుంది. చలవ పదార్థం తాగగానే కడుపు బరువెక్కేవాళ్లకు, నోట్లో జిగురు చేరేవాళ్లకు, చెమట విపరీతంగా పట్టేవాళ్లకు వట్టివేరే సరిపోతుంది. ఒళ్లు ఎండిపోయి, పెదాలు పగిలి, చర్మం పొడిబారి, మంటగా ఉండేవాళ్లకు సుగంధిపాల.

జ్వరంలో దప్పిక తీరక అల్లాడేవాళ్లకు ఇచ్చే షడంగ పానీయంలో వట్టివేరు ఉంటుంది. దానికి తోడు తుంగముస్తలు, పర్పాటకం, చందనం, కురువేరు, శొంఠి. ఈ ఆరింటినీ నీళ్లలో మరిగించి, చల్లార్చి, కొద్దికొద్దిగా తాగిస్తారు. జ్వరంలో జఠరాగ్ని మందగించి ఉంటుంది కాబట్టి బరువైన సారిబకు అందులో చోటు లేదు, తేలికైన ఉశీరానికి ఉంది. రెండు చలవ వేళ్లలో దేన్ని ఎప్పుడు వాడాలో ఈ ఒక్క యోగం చూస్తే అర్థమవుతుంది.

మంచి వట్టివేరు గుర్తుపట్టడం సులువే కానీ మోసపోవడమూ సులువే. నూనె తీసేసిన వేళ్లను ఆరబెట్టి మళ్లీ కట్టలు కట్టి అమ్ముతుంటారు. ఎండుగా ఉన్నప్పుడు చూస్తే పెద్దగా తేడా తెలియదు. నాలుగు పోగులు అరచేతిలో పెట్టుకుని నీళ్లు చిలకరించి నలపండి. మంచి వేరైతే మొదటి వాన పడ్డ నేలలాంటి వాసన వెంటనే గుప్పుమంటుంది, చేతిని వదలదు. నూనె తీసిన వేరు గడ్డి వాసన వేసి ఊరుకుంటుంది. రెండో పరీక్ష ఇసుక. కట్టను తెల్లగుడ్డ మీద దులిపితే ఎంత మట్టి రాలుతుందో చూడండి. ఆ మట్టికి కూడా మీరు డబ్బు కడుతున్నారు.

కుండలో వేసేముందు వేళ్లను రెండుమూడు నీళ్లలో బాగా కడగండి. మొదటి నీళ్లు ఎర్రగా, బురదగా వస్తాయి, తేటగా వచ్చేదాకా కడగాల్సిందే. పిడికెడు వేళ్లను పల్చటి గుడ్డలో మూట కట్టి కుండలో వేస్తే పోగులు నోట్లోకి రావు. నీళ్లు రోజూ మార్చాలి, మూటను రెండు రోజులకోసారి ఎండలో ఆరేయాలి. వాసన తగ్గినా, జిగురు పట్టినా మార్చేయండి. ఆ నీళ్లు లేత గోధుమ ఛాయలో ఉంటాయి. ముదురాకుపచ్చగా మెరిసే ఖస్ షర్బత్‌లో ఆ రంగు వేరుది కాదు, కలిపిన రంగే.

పైపూతకు కూడా ఇదే మేలు. వట్టివేళ్ల పొడిని చందనంతోనో పెసరపిండితోనో కలిపి చెమటకాయల మీద, ఎండకు కమిలిన చోట రాస్తారు. స్నానపు సున్నిపిండిలో పిడికెడు కలుపుకోవచ్చు. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లడం, కూలర్లలో వాడటం అందరికీ తెలిసినవే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దీన్నుంచి తీసే రూహ్ ఖస్ అనే తైలం ఖరీదైన సరుకు, అది అత్తరు, దాన్ని తాగే నీళ్లలో చుక్కలుగా వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి.

తుంగముస్తల మాట ఒకటి

వేడి చేసింది, దాంతోపాటు విరేచనాలు కూడా అవుతున్నాయంటే పై మూడింటినీ పక్కన పెట్టండి. పొలాల్లో రైతులను విసిగించే తుంగ కలుపు కింద ఉండే నల్లటి చిన్న గడ్డలే తుంగముస్తలు. ఇవీ శీతవీర్యమే, ఇవీ సువాసన గలవే, కానీ ఆకలిని పెంచి, అరిగించి, విరేచనాన్ని కట్టే గుణం వీటిది. ఆ మూడు పనులకూ కలిపి ముస్తను మించింది లేదని చరకుడే అన్నాడు. ధర కూడా తక్కువే. దీన్ని చలవ పానీయంగా తాగాలని ఎవరూ అనుకోరు, రుచి అలాంటిది.

సీసాలోని నన్నారి

రాయలసీమలో ఎండాకాలం సోడా బండి దగ్గర నిమ్మకాయ పిండి, నన్నారి పోసి, సబ్జా గింజలు వేసి ఇచ్చే గ్లాసును నేను కాదనను. కానీ అందులో వేరు ఎంత, చక్కెర ఎంత అనేది చూడాలి. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం షర్బత్ అనే పేరుతో అమ్మే పాకంలో కరిగిన ఘనపదార్థాలు కనీసం 65 శాతం ఉండాలి. ఆ ఘనపదార్థం దాదాపు అంతా చక్కెరే. గ్లాసుకు 30 మిల్లీలీటర్ల పాకం పోస్తే సుమారు 25 గ్రాములు, అంటే ఐదారు టీస్పూన్ల చక్కెర లోపలికి వెళ్తుంది. మధుమేహం ఉన్నవాళ్లు "మూలికా పానీయమే కదా" అని రోజుకు రెండు గ్లాసులు తాగడం చూస్తే భయమేస్తుంది.

సీసా కొనాలంటే లేబుల్ మీద పదార్థాల పట్టిక చదవండి. సుగంధిపాల సారం లేదా నన్నారి వేరు సారం అని ఉంటే సరే. ఉత్త ఫ్లేవర్, రంగు, చక్కెర, సిట్రిక్ ఆమ్లం మాత్రమే కనిపిస్తే అది నన్నారి వాసన వేసే చక్కెర నీళ్లు. ఏ మొక్క సారమో తెలుసుకోవడం సీసాల విషయంలో ఇంకా కష్టం. ఇంట్లో చేసుకుంటే ఆ గొడవ ఉండదు: వేళ్లను కచ్చాపచ్చాగా దంచి రాత్రంతా వేడినీళ్లలో నాననిచ్చి, తెల్లారి వడకట్టి, ఆ నీళ్లలో పటికబెల్లంతో పాకం పట్టుకోవచ్చు. పాకం పట్టేటప్పుడు వేళ్ల నీళ్లను చివర్లో పోసి ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. ముందునుంచీ మరిగిస్తే వాసన వంటింట్లో నిండుతుంది, సీసాలో మిగలదు.

ఎలా తీసుకోవాలి

వాసన గల మూలికలన్నిటికీ ఒక సూత్రం వర్తిస్తుంది. ఎక్కువసేపు మరిగిస్తే ఆవిరయ్యే తైలం పోతుంది. అందుకే ఆయుర్వేదంలో కషాయంతో పాటు హిమం, ఫాంటం అనే పద్ధతులు ఉన్నాయి. హిమం అంటే ఒక వంతు మూలికను ఆరు వంతుల చల్లని నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున వడకట్టడం. ఫాంటం అంటే ఒక వంతుకు నాలుగు వంతుల మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి, కాసేపటికి వడకట్టడం. టీ కాచుకున్నంత తేలిక. చలవ కోసమైతే సుగంధిపాలకైనా వట్టివేరుకైనా హిమమే నా ఎంపిక. చర్మ వ్యాధుల్లో వైద్యులు రాసే కషాయం సంగతి వేరు, అక్కడ వాసన కంటే సారం ముఖ్యం.

మోతాదు: శ్వేత సారిబను కషాయానికైతే 20 నుంచి 30 గ్రాముల మేర వాడాలని ఆయుర్వేద ఫార్మకోపియా చెబుతుంది. చూర్ణం లోపలికి తీసుకునేటప్పుడు సాధారణంగా 3 నుంచి 6 గ్రాములు. ఇంట్లో వేసవి చలవకు అంతంత అవసరం లేదు, చెంచాడు దంచిన వేరును గ్లాసు నీళ్లలో నానబెట్టుకుంటే చాలు.

సారిబాద్యాసవం, ఉశీరాసవం అని రెండు పాత మందులు దుకాణాల్లో సిద్ధంగా దొరుకుతాయి, రెండూ భైషజ్య రత్నావళి అనే వైద్యగ్రంథంలో ఉన్నవే. మొదటిది ఎక్కువగా చర్మ బాధలకు, రెండోది రక్తపిత్తానికి రాస్తుంటారు. నానబెట్టే ఓపిక లేనివాళ్లకు ఇవి సుఖం, ఎక్కువకాలం నిల్వ ఉంటాయి. అయితే పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలో సహజంగా పుట్టిన ఆల్కహాల్ కొంత ఉంటుంది, బెల్లమో చక్కెరో కూడా ఉంటుంది. పిల్లలకు, మద్యం మానే ప్రయత్నంలో ఉన్నవాళ్లకు, మధుమేహులకు, కాలేయ జబ్బులున్నవాళ్లకు వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వకూడదు.

మీ సంగతి ఏది?

ఇంటిల్లిపాదికీ రోజూ తాగే నీళ్లు కమ్మగా, చల్లగా ఉండాలి, అంతే అనుకుంటే వట్టివేరు తప్ప ఇంకేమీ కొనకండి. చవకైన, సురక్షితమైన, వారాల తరబడి వాడుకోగల వేరు అదే.

ఎండలో తిరిగే పని వల్ల మూత్రం పచ్చగా, మంటగా వస్తుంటే ముందు నీళ్లు సరిపడా తాగండి, దానికి తోడుగా సుగంధిపాల హిమం. రెండుమూడు రోజుల్లో తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, నడుం పక్కన నొప్పి ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా వేళ్లు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది ఇన్ఫెక్షనో రాయో కావచ్చు, చలవతో తగ్గేది కాదు.

ముఖం మీద వేడికురుపులు, ఒంటిమీద దద్దుర్లు తరచూ వచ్చేవాళ్లకు లోపలికి సుగంధిపాల, పైకి వట్టివేరు. రెండూ కలిపి వాడటంలో విరోధమేమీ లేదు, గ్రంథాలే కలిపి వాడాయి.

అజీర్తి, కడుపు ఉబ్బరం ఉండి పైగా వేడి కూడా ఉంటే సుగంధిపాల వద్దు, వట్టివేరు నీళ్లు. విరేచనాలుంటే తుంగముస్తలు, వైద్యుడి సలహాతో.

వచ్చినవాళ్లకు చల్లగా ఓ గ్లాసు ఇవ్వడానికైతే షర్బత్ సీసా పెట్టుకోండి, ఏ వేరుదైనా ఫరవాలేదు, లేబుల్ బాగుంటే చాలు.

వడదెబ్బ తగిలి మనిషి మాట తడబడుతున్నా, చెమట ఆగిపోయి ఒళ్లు పొయ్యిలా కాలుతున్నా, స్పృహ తప్పుతున్నా ఏ పానీయమూ పోయకండి. తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూలికల మీద నాకెంత నమ్మకమున్నా ఈ విషయంలో రెండో మాట లేదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, మధుమేహానికో రక్తపోటుకో రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు కుండలో వట్టివేరు వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. సుగంధిపాలను మందు మోతాదులో తీసుకోవాలంటే మాత్రం అడిగే తీసుకోవాలి.

నిల్వ దగ్గర రెండు వేళ్లకూ పెద్ద తేడా ఉంది. వట్టివేరు తైలం చిక్కగా ఉండి నెమ్మదిగా ఆవిరవుతుంది, పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి వాసన నిలుస్తుంది. సుగంధిపాల అలా కాదు. దంచినది మూత సరిగ్గా లేని డబ్బాలో ఉంటే త్వరగానే చప్పబడుతుంది. కాబట్టి ఒక వేసవికి సరిపడా మాత్రమే కొని, వేళ్లుగానే గాజు సీసాలో దాచి, కావలసినప్పుడు కావలసినంతే దంచుకోండి. మరుసటి ఏడాది మిగిలిన సుగంధిపాలకు గోటితో గీకితే వాసన రాకపోతే మొహమాటపడకుండా పారేయండి. వాసన పోయిన వట్టివేళ్లను పారేయక్కర్లేదు, ఉండగా చుట్టి దారంతో కట్టుకుంటే ఒళ్లు రుద్దుకోవడానికి మంచి పీచు అవుతుంది.